నాన్నకి టోపీ, నెక్ వార్మర్ సెట్ అల్లాలి, దేనితో మొదలెట్టను?

ప్రశ్న: అక్కా, నేను ఈమధ్యే క్రోషే, అంటే ఒకే హుక్కుతో ఊలు అల్లడం, మొదలుపెట్టాను. వీడియోలు చూసి చైను, సింగిల్ క్రోషే నేర్చుకున్నాను, హాఫ్ డబుల్ కొంచెం కొంచెం వచ్చు. మా నాన్న పొద్దున్నే చలిలో వాకింగ్‌కి వెళ్తారు, ఆయనకి ఒకే రంగులో టోపీ, మెడకి నెక్ వార్మర్ సెట్‌గా అల్లి సర్‌ప్రైజ్ ఇద్దామని ఉంది. టోపీని పైనుంచి గుండ్రంగా మొదలుపెడితే ఒకసారి గిన్నెలా ముడుచుకుపోయింది, ఇంకోసారి అంచులు అలలు అలలుగా లేచాయి. పోనీలే అని స్కార్ఫ్ మొదలుపెడితే పక్కలు లోపలికి వచ్చేసి త్రికోణం అయ్యి కూర్చుంది. ఊలు ఎంత కావాలి, ఏ హుక్కు తీసుకోవాలి, ఆయనకి తెలియకుండా తల కొలత ఎలా తియ్యాలి? అసలు నాలాంటి వాళ్ళ వల్ల అవుతుందా?

జవాబు: ఎందుకవ్వదు చెల్లీ, బ్రహ్మాండంగా అవుతుంది, అదీ గుండ్రంగా అల్లే పని అసలు పెట్టుకోకుండానే. నువ్వు చెప్పిన మూడు తిప్పలూ మూడు రకాలు అనుకుంటున్నావేమో, కాదు, మూడింటికీ మూలం కుట్ల లెక్కే. గుండ్రంగా అల్లేటప్పుడు ప్రతి రౌండులో కొన్ని కుట్లు పెంచుకుంటూ పోవాలి, తక్కువ పెంచితే ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే అలలొస్తాయి. స్కార్ఫ్‌లో వరస మొదట్లోనో చివర్లోనో ఒక కుట్టు జారిపోతే త్రికోణం. కొత్తలో ఒక కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో కూడా కంటికి సరిగ్గా ఆనదు, అలాంటప్పుడు దానిమీద పెంచడాలు కూడా నెత్తిన వేసుకోవడం దేనికి? అందుకని నేను చెప్పేదేంటంటే రెండూ దీర్ఘచతురస్రాలే అల్లు. ఒక పొడుగాటి ముక్క, రెండు కొసలు కలిపి కుట్టేస్తే నెక్ వార్మర్. ఇంకో ముక్క, కొసలు కలిపి కుట్టి, ఒక అంచుని ఊలుతో దగ్గరికి లాగి ముడేస్తే టోపీ. ఒకే ఊలు, ఒకే హుక్కు, ఒకే కుట్టు కాబట్టి సెట్‌లా కనిపించడానికి వేరే ఏమీ చెయ్యక్కర్లేదు.

ఇంకో మాట, అందరూ ముందు టోపీ మీద పడతారు, నువ్వు మాత్రం ముందు నెక్ వార్మర్ అల్లు. టోపీకి కొలత కచ్చితంగా ఉండాలి, నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే కళ్ళమీదకి జారుతుంది, లేదంటే నెత్తిమీద ఎక్కి కూర్చుంటుంది. నెక్ వార్మర్‌కి ఆ పట్టింపు లేదు, కాస్త వదులైనా బిగుతైనా మెడకి వెచ్చగానే ఉంటుంది. పైగా అన్ని వరసలు అల్లేసరికి నీ చెయ్యి కుదురుకుంటుంది, నీ చేతికి పది సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు పడుతున్నాయో, ఎన్ని వరసలు పడుతున్నాయో ఆ ముక్క మీదే కొలుచుకోవచ్చు. ముందు చిన్న శాంపిల్ ముక్క అల్లి కొలుచుకోండి అని అందరూ చెప్తారు, ఎవరూ అల్లరు, నెక్ వార్మరే నీ శాంపిల్ అనుకో, గొడవ వదిలిపోతుంది.

ఇక ఊలు సంగతి. మరీ సన్నంగానూ మరీ లావుగానూ లేని మధ్యరకం తీసుకో. లేబుల్ మీద ఊలు ఉండ బొమ్మలో 4 అని అంకె ఉంటుంది, లేదా మీడియం, వర్‌స్టెడ్, ఆరాన్ అని ఏదో ఒకటి రాసి ఉంటుంది, కొన్నిటి మీద 10 ప్లై అని ఉంటుంది, అన్నీ దాదాపు ఒకే లావు. ఈ రకంలో 100 గ్రాముల ఉండలో ఇంచుమించు 180 నుంచి 200 మీటర్ల ఊలు ఉంటుంది. పెద్దవాళ్ళ సైజులో టోపీకి ఒక 100 గ్రాములు, నెక్ వార్మర్‌కి ఇంకో 100 గ్రాములు అనుకో, కొత్తవాళ్ళ చెయ్యి కొంచెం ఎక్కువ ఊలు తింటుంది కాబట్టి ఇంకో 50 గ్రాములో 100 గ్రాములో ఎక్కువ తెచ్చిపెట్టుకో. అన్నీ ఒకేసారి కొను, లేబుల్ మీద రంగు నంబరు పక్కనే డై లాట్ అని, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే ఇంకో నంబరు ఉంటుంది, అన్ని ఉండలకీ అది ఒకటే ఉందో లేదో చూసుకుని మరీ తీసుకో. అదే రంగు, అదే కంపెనీ అయినా లాట్ మారితే ఛాయ మారుతుంది, కొన్నప్పుడు తెలీదు గానీ సెట్ పూర్తయ్యి టోపీ, నెక్ వార్మర్ పక్కపక్కన వేసుకున్నాక ఎండలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఏ ఊలు అంటే, నాన్నగారికి కాబట్టి, రోజూ వాడి మాటిమాటికీ ఉతికేది కాబట్టి, అక్రిలిక్ గానీ అక్రిలిక్, ఉన్ని కలిసిన మిక్స్ గానీ మంచిది. అసలు సిసలు ఉన్ని చాలా వెచ్చగా ఉంటుంది, కాదనను, కానీ వేడినీళ్ళలో పడేసి రుద్దితే పీచులన్నీ అతుక్కుపోయి టోపీ కుంచించుకుపోతుంది, తర్వాత దాన్ని వెనక్కి తీసుకురాలేం. పైగా కొందరికి దురద. కాటన్ ఈ పనికి వద్దు, బరువు ఎక్కువ, సాగితే మళ్ళీ వెనక్కి రాదు, చలికి అంతగా ఆగదు. ఏది కొన్నా ఒకసారి ఉండని నీ మెడ పక్కన చెవి కింద ఆనించుకుని కాసేపు ఉంచు, అక్కడ చిరచిరలాడితే నాన్నగారు మొహమాటానికి ఒకరోజు వేసుకుని రెండోరోజు నుంచి అల్మారాలో పెట్టేస్తారు. జుట్టు పల్చబడిన వాళ్ళకైతే ఈ సంగతి ఇంకా ముఖ్యం.

రంగు దగ్గర ఒక్కటే చెప్తాను, నలుపు, నేవీ బ్లూ వద్దు. మగవాళ్ళకి అనగానే చెయ్యి వాటిమీదకే పోతుంది గానీ ఆ రంగుల్లో కుట్లు కనపడవు, రాత్రి లైటు కింద అయితే చెప్పనే అక్కర్లేదు. మధ్యస్థంగా ఉండే బూడిద రంగు, ఇటుక రంగు, ఆలివ్ ఆకుపచ్చ ఇలాంటివి చూడు. బొచ్చు బొచ్చుగా ఉండేవి, ముడులు ముడులుగా ఉండేవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ కుట్టు దొరకదు, విప్పుదామన్నా చిక్కుపడిపోతాయి, వాటి జోలికి ఇప్పుడే పోకు. ఇంట్లో సన్న ఊలే మిగిలి ఉంటే పారెయ్యక్కర్లేదు, రెండు పోగులు కలిపి పట్టుకుని అల్లొచ్చు, కాకపోతే హుక్కు రెండు పోగుల్నీ పట్టుకుందో లేదో ప్రతి కుట్టుకీ చూసుకోవాలి.

హుక్కు 5.5 ఎంఎం తీసుకో. లేబుల్ మీద 5 ఎంఎం అని ఉన్నా పర్లేదు, కొత్తవాళ్ళు భయంతో బిగించి అల్లుతారు, ఒక సైజు పెద్దదైతే అల్లిక మెత్తగా వస్తుంది. టోపీ అట్టముక్కలా రాకూడదు కదా. వీలైతే 6 ఎంఎం కూడా ఒకటి దగ్గర పెట్టుకో, మొదటి చైను ఒక్కటీ దాంతో వేసుకోవడానికి. ఎందుకంటే కొత్తవాళ్ళ చైను ఎప్పుడూ బిగుతే, పైన వరసలు వదులుగా, కింద చైను బిగుతుగా ఉంటే ముక్క ఒకవైపు విల్లులా వంగిపోతుంది. ఇవి కాక మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న సూది ఒకటి, టేపు, కత్తెర, నాలుగు పిన్నీసులు. ఖరీదైన స్టిచ్ మార్కర్లు ఏమీ కొననక్కర్లేదు.

ఇప్పుడు కుట్టు. హాఫ్ డబుల్ క్రోషే, కాకపోతే వెనక లూపులో మాత్రమే. హాఫ్ డబుల్ అంటే హుక్కు మీద ఒకసారి ఊలు చుట్టుకుని, కుట్టులోకి దూర్చి, ఊలు లాగితే హుక్కు మీద మూడు లూపులు ఉంటాయి, మళ్ళీ ఊలు పట్టుకుని మూడింట్లోంచీ ఒకేసారి లాగెయ్యడం, అంతే. వీడియోలు చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త, అమెరికా వాళ్ళు హాఫ్ డబుల్ అనేదాన్ని బ్రిటన్ వాళ్ళు హాఫ్ ట్రెబుల్ అంటారు, అమెరికా సింగిల్ బ్రిటన్‌లో డబుల్, కాబట్టి పేరు వినకు, మూడు లూపులు ఒకేసారి లాగుతున్నారా లేదా అని చేతులు చూడు. నేను ఇక్కడ రాసేవన్నీ అమెరికా పేర్లే.

వెనక లూపు అంటే, అల్లిన వరసని పైనుంచి చూస్తే ప్రతి కుట్టు నెత్తినా వి ఆకారంలో రెండు పోగులు పడుకుని ఉంటాయి. నీకు దగ్గరగా ఉన్నది ముందు లూపు, అవతలిది వెనక లూపు. మామూలుగా రెండింటి కిందనుంచీ హుక్కు దూరుస్తాం, ఇక్కడ అవతలి దాని కిందనుంచి మాత్రమే. ఇవతలి పోగు అలా మిగిలిపోయి గీతలా నిలబడుతుంది, ముక్కని తిప్పి తిప్పి అల్లుతాం కాబట్టి ఒక వరస గీత ఇటువైపు, ఒక వరస గీత అటువైపు వచ్చి, ముక్క మొత్తం మడతలు మడతలుగా, షాపు స్వెటర్ల అంచుల్లో ఉంటుందే, అలా సాగే గుణంతో వస్తుంది. ఆ సాగుడే మనకి కావాలి, కొలతలో చిన్న చిన్న తేడాలుంటే అదే సర్దేస్తుంది. ఒక తిరకాసు ఉంది, హాఫ్ డబుల్‌లో ఆ వి కాక కొంచెం కిందగా ఇంకో అడ్డ పోగు కూడా ఉంటుంది, కొత్తవాళ్ళు దాన్నే లూపు అనుకుని దూర్చేస్తుంటారు. అనుమానం వచ్చినప్పుడల్లా ముక్కని కొంచెం నీవైపు వంచి నెత్తిమీదనుంచి చూడు, వి కనపడుతుంది, అందులో అవతలిది పట్టుకో.

ఇదిగో నెక్ వార్మర్. 6 ఎంఎం హుక్కుతో వదులుగా 27 చైన్లు వెయ్యి. 5.5కి మారి, హుక్కు నుంచి లెక్కపెడితే రెండో చైనులో మొదటి హాఫ్ డబుల్, అక్కడినుంచి ఒక్కో చైనులో ఒక్కోటి, మొత్తం 26 రావాలి. ఈ మొదటి వరసే అన్నిటికన్నా విసుగు, చైను మెలిపడుతుంది, కుట్టు ఎక్కడుందో తెలీదు, చెయ్యి జారుతుంది, ఇక్కడే చాలామంది మానేస్తారు, ఇది దాటితే మిగతాదంతా సాఫీగా పోతుంది కాబట్టి ఓపిక పట్టు. వరస అయ్యాక ఒక చైను వేసి ముక్క తిప్పు. ఆ ఒక్క చైనుని కుట్టుగా లెక్కపెట్టకు, అది ఎత్తు కోసం వేసింది. రెండో వరసలో మొదటి కుట్టు, సరిగ్గా మొట్టమొదటి కుట్టులోనే పడాలి, దాని పక్కదాంట్లో కాదు. నీ స్కార్ఫ్ త్రికోణం అవ్వడానికి నూటికి తొంభై పాళ్ళు ఇదే కారణం అయ్యుంటుంది, లేదంటే చివరి కుట్టు పక్కకి ఒదిగిపోయి కనపడక వదిలేసి ఉంటావు.

దీనికి మందు పిన్నీసు. వరస మొదటి కుట్టు వెయ్యగానే దాని నెత్తిన ఒక పిన్నీసు, చివరి కుట్టు వెయ్యగానే ఇంకో పిన్నీసు. తిరిగి వచ్చేటప్పుడు పిన్నీసు ఉన్న కుట్టు దాకా అల్లితేనే వరస అయినట్టు. మొదటి పది వరసలు ప్రతిదీ లెక్కపెట్టు, 26 వచ్చిందా లేదా. 25 వస్తే అక్కడే విప్పి సరిచెయ్యి, తర్వాత సర్దుకుందాంలే అని ఇంకో వరసలో ఒకటి పెంచేస్తే అంచు వంకరటింకరగా కనపడి కుట్టేటప్పుడు ఏడిపిస్తుంది. ఇంకో చిట్కా, ప్రతి వరసలో మొదటి కుట్టు, చివరి కుట్టు మాత్రం వెనక లూపులో కాకుండా రెండు పోగుల కిందనుంచీ వెయ్యి, అంచు గట్టిగా తిన్నగా నిలబడుతుంది.

ఒక 12, 13 సెంటీమీటర్లు అల్లాక ఆపి, ముక్కని బల్లమీద లాగకుండా పరిచి, మధ్యలో కొలువు. ఈ ఊలు, ఈ హుక్కుకి పది సెంటీమీటర్లకి ఇంచుమించు 13 కుట్లు, 9 వరసలు వస్తాయని నేను లెక్క వేసుకున్నాను. వరసలు లెక్కపెట్టడానికి కంగారు పడకు, ఒకవైపు కనిపించే ఒక్కో మడత రెండు వరసలు. నీకు ఇదే లెక్క రాకపోయినా తప్పేం లేదు, ఎవరి చెయ్యి వాళ్ళది, నీ అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకో, టోపీకి అవే కావాలి. ముక్క మరీ బిర్రుగా, వంచితే వంగకుండా ఉంటే మాత్రం మొహమాటపడకుండా విప్పేసి 6 ఎంఎంతో మళ్ళీ మొదలుపెట్టు.

నెక్ వార్మర్ ఎంత పొడుగు అంటే, మెడ చుట్టుకొలత కాదు, తలలోంచి దూరాలి కదా, అది చూసుకోవాలి. మెడ 40 సెంటీమీటర్లే ఉన్నా తల 56, 57 ఉంటుంది. అందుకని 60 సెంటీమీటర్లు అల్లు, నా లెక్కలో 54 వరసలు, అంటే 27 మడతలు. ఎత్తు 20 సెంటీమీటర్లు వస్తుంది, మెడ దగ్గర రెండు ముడతలుగా కూర్చుని గడ్డం దాకా కప్పుతుంది. తలలోంచి దూర్చుకోవడం అంటే చిరాకుపడే మనిషి అయితే, కళ్ళజోడు ఉన్నవాళ్ళకి అది నిజంగానే చిరాకు, 48 సెంటీమీటర్ల దగ్గర ఆపేసి కుట్టకుండా ఒక కొసకి రెండు మూడు బొత్తాలు కుట్టెయ్యి. వేరే కాజాలు కూడా అక్కర్లేదు, హాఫ్ డబుల్ కుట్ల మధ్య ఉండే సందుల్లోంచి మధ్యరకం బొత్తాం దూరిపోతుంది. నన్నడిగితే నాన్నలకి ఈ బొత్తాలదే బాగుంటుంది, వాకింగ్ మధ్యలో చెమట పడితే టోపీ తియ్యకుండానే విప్పేసుకోవచ్చు.

కుట్టే పద్ధతి అయితే, ఊలు ఒక అరమీటరు వదిలి కత్తిరించి, చివరి వరసనీ మొదటి చైనునీ పక్కపక్కన పెట్టి, కుట్టుకి కుట్టు కలుపుతూ సూదితో చుట్టుకుట్టు వేసుకుంటూ పో. బిగించి లాగకు, కుట్టిన చోట కూడా మిగతా ముక్కలాగే సాగాలి. వరసలు సరిసంఖ్యలో ఉంటే మడతల వరస కుట్టు దగ్గర తెగకుండా కలిసిపోతుంది, అందుకే 53 కాదు 54 అన్నాను.

ఇప్పుడు తల కొలత. సర్‌ప్రైజ్ అన్నావు కాబట్టి టేపు పట్టుకుని వెంటపడలేవు. ఆయన బండి హెల్మెట్ ఉంటే లోపల చూడు, ఎం, ఎల్ అనే అక్షరాల పక్కనే తల చుట్టుకొలత సెంటీమీటర్లలో రాసి ఉంటుంది చాలాసార్లు. లేదంటే ఆయన వాడే గుడ్డ టోపీ, సాగనిది, లోపలి అంచు చుట్టూ టేపు పెట్టి కొలువు, అదే తల కొలత. పాత ఊలు టోపీ అయితే లెక్క వేరు, దాన్ని బల్లమీద పరిచి అడ్డంగా కొలిచి రెండింతలు చేస్తే వచ్చేది టోపీ కొలత, తల కొలత కాదు, అది ఆయనకి సరిగ్గా పడుతుంటే నువ్వు కూడా అంతే అల్లేసెయ్, తగ్గించనక్కర్లేదు. ఏదీ దొరక్కపోతే పెద్దవాళ్ళకి 56, 57 అనుకుని వెళ్ళిపోవచ్చు, మన అల్లిక సాగుతుంది.

తల 56 ఉంటే టోపీ 56 అల్లకూడదు. సాగే అల్లిక కాబట్టి ఒక 5 సెంటీమీటర్లు తగ్గించి 51 అల్లాలి, అప్పుడే పట్టుకుని ఉంటుంది, పైగా నాలుగు రోజులు వాడాక ఎలాగూ కొంచెం సాగుతుంది. ఎత్తు, అంచు మడిచి వేసుకునేలా అయితే 26 సెంటీమీటర్లు, అందులో 5 మడతకి పోతే 21 మిగులుతుంది, చెవులు బాగా కప్పుతుంది. మడత ఉంచమనే నా సలహా, చెవుల దగ్గర రెండు పొరలు పడి వెచ్చగా ఉంటుంది, పైగా ఎత్తు కొంచెం తేడా వచ్చినా మడత ఎక్కువో తక్కువో వేసుకుంటే సరిపోతుంది.

నా అంకెలతో అయితే 35 చైన్లు, రెండో చైను నుంచి మొదలు, 34 కుట్లు, 46 వరసలు అంటే 23 మడతలు. నీ అంకెలు వేరే అయితే చిన్న గుణకారం, కావలసిన సెంటీమీటర్లని పది సెంటీమీటర్లలో వచ్చిన లెక్కతో గుణించి పదితో భాగించు. నీకు పదికి 12 కుట్లు, 8 వరసలు వచ్చాయనుకో, ఎత్తుకి 26 ఇంటూ 12 బై 10, అంటే 31 కుట్లు, చుట్టుకొలతకి 51 ఇంటూ 8 బై 10, అంటే 41 దగ్గర, సరిసంఖ్య కావాలి కాబట్టి 40 చేసుకో.

టోపీలో ఒక్క మార్పు చెయ్యి. ఉన్నదున్నట్టు దీర్ఘచతురస్రాన్ని దగ్గరికి లాగితే నడినెత్తిన గుట్టగా పోగుపడి కొమ్ములా లేస్తుంది, ఈ రకం టోపీల మీద అందరి ఫిర్యాదూ అదే. దానికి విరుగుడు, నెత్తి వైపు వచ్చే చివరి 5 కుట్లు హాఫ్ డబుల్ కాకుండా సింగిల్ క్రోషే వెయ్యడం. సింగిల్ పొట్టి కుట్టు కాబట్టి ఆ అంచు తనంతట తానే సన్నబడుతుంది. మొదటి వరసలో 29 హాఫ్ డబుల్, తర్వాత 5 సింగిల్. తిప్పి వచ్చాక ముందు 5 సింగిల్, తర్వాత 29 హాఫ్ డబుల్. ఇలా మార్చి మార్చి, అన్నీ వెనక లూపులోనే, అంచుల్లో ఒక్కోటి తప్ప. ఏది నెత్తి వైపో మర్చిపోకుండా ఆ అంచుకి వేరే రంగు ఊలు ముక్క ఒకటి కట్టి ఉంచు. ముక్క విసనకర్రలా కొంచెం విచ్చుకుంటున్నట్టు కనిపిస్తే గాభరా పడకు, అలాగే రావాలి. 51 సెంటీమీటర్లు మాత్రం కిందవైపు, వెడల్పు అంచు దగ్గర కొలువు.

మధ్యలో ఉండ అయిపోతే వరస చివర్లోనే కొత్తది కలుపు. చివరి కుట్టులో మూడు లూపులు హుక్కు మీద ఉన్నప్పుడు, ఆ ఆఖరి లాగుడు కొత్త ఊలుతో లాగితే సరి. రెండు కొసలూ ఒక 15 సెంటీమీటర్లు ఉండేలా వదులు, పొట్టిగా కత్తిరిస్తే సూదిలోకి ఎక్కవు, రేపు ఉతుకులో బయటికి వచ్చేస్తాయి.

అల్లడం అయ్యాక ఈసారి పొడుగ్గా, ఒక మీటరు దాకా ఊలు వదిలి కత్తిరించు. నెక్ వార్మర్ లాగే కొసలు కలిపి కుట్టు, అయితే ఇక్కడ ఒక చిన్న సొగసు ఉంది. టోపీ తిరగేసి లోపలివైపునుంచి కుడతాం కదా, కింద అంచు మడిచినప్పుడు ఆ లోపలివైపు బయటికి వచ్చి కుట్టు కనపడుతుంది. అందుకని మడతలోకి వచ్చే ఆ 5 సెంటీమీటర్లు మాత్రం బయటివైపునుంచి కుట్టు, మడిచాక కుట్టు మడత లోపల దాక్కుంటుంది. షాపు టోపీల్లో ఇలాగే ఉంటుంది, గమనించు.

నెత్తి మూయడానికి, టోపీ తిరగేసి ఉంచే, ఆ అంచు చుట్టూ ప్రతి మడతలోంచి ఒకసారి సూది దూర్చుకుంటూ పూర్తి చుట్టు తిరిగి, మెల్లగా లాగు. ఒక్కసారిగా గుంజితే ఊలు తెగుతుంది, కొన్ని కొన్ని మడతలు వేళ్ళతో సర్దుతూ లాగు. ఒక చుట్టు లాగాక ఇంకా బొటనవేలంత రంధ్రం ఉంటుంది, రెండో చుట్టు తిరిగి మళ్ళీ లాగు, తర్వాత రంధ్రం మీద అడ్డంగా నిలువుగా నాలుగు కుట్లు వేసి ముడెయ్యి. కొసలు ముడేసి కత్తిరించెయ్యకు, సూదితో ఒకవైపుకి నాలుగైదు సెంటీమీటర్లు అల్లికలోకి దూర్చి, మళ్ళీ వెనక్కి తిప్పి వేరే పోగుల్లోంచి తీసుకొచ్చి అప్పుడు కత్తిరించు. పైన పాంపామ్ పెట్టాలా అంటే, రంధ్రం సరిగ్గా మూసుకోనివాళ్ళకి అది మంచి సాకే గానీ, నాన్నగారి వయసుకి అక్కర్లేదు అని నా అభిప్రాయం. ఆయన సరదా మనిషైతే నీ ఇష్టం, అప్పుడు మాత్రం ఊలు ఇంకొంచెం ఎక్కువ కొనుక్కో, చూడ్డానికి ఇంత ఉంటుంది గానీ బాగా తింటుంది.

గుండ్రంగా అల్లే టోపీ మీద మనసు పోకుండా ఉండదు కాబట్టి అది కూడా చెప్పేస్తాను, ఈ సెట్ అయ్యాక ప్రయత్నించు. హాఫ్ డబుల్ అయితే 8 కుట్లతో మొదలుపెట్టి ప్రతి రౌండుకీ 8 చొప్పునే పెంచు, సింగిల్ అయితే 6, డబుల్ అయితే 12. వచ్చిన బిళ్ళ అడ్డుకొలత, టోపీ చుట్టుకొలతని 3.14తో భాగిస్తే వచ్చినంత అవ్వగానే పెంచడం ఆపెయ్యి, 51కి అయితే 16 సెంటీమీటర్లు. అక్కడినుంచి పెంచకుండా తిన్నగా కిందకి అల్లుకుంటూ పోవడమే. నీ మొదటి టోపీలో పెంచడం ముందే ఆగిపోయింది, రెండోదాంట్లో లెక్క మించింది, అంతకు మించి నీ చేతిలో లోపం ఏమీ లేదు.

హుక్కు పెన్సిల్‌లా పట్టుకోవాలా కత్తిలా పట్టుకోవాలా అని కొందరు తెగ వాదించుకుంటారు, ఏదైనా ఒకటే, మణికట్టు నొప్పి పుట్టకపోతే చాలు. నొప్పి వస్తుందంటే ఊలు బిగించి పట్టుకుంటున్నావని, కాసేపు పక్కన పెట్టు. మొదటిసారి కాబట్టి రోజుకో గంట కూర్చుంటే రెండు మూడు వారాలు పట్టొచ్చు, పుట్టినరోజు లాంటి తేదీ ఏదన్నా మనసులో ఉంటే దానికి తగ్గట్టు ముందే మొదలుపెట్టు.

ఉతకడం నాన్నగారికే వదిలెయ్యకు. చల్లనీళ్ళలో కొంచెం సబ్బు వేసి నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నీళ్ళు వత్తేసి, బల్లమీద పరిచి ఆరబెట్టు. తీగమీద వేలాడదీస్తే తడి బరువుకి పొడుగ్గా సాగిపోతుంది. అక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె దగ్గరికి కూడా రానివ్వకు, వేడి తగిలితే పీచు మెత్తబడి సాగే గుణం చచ్చిపోతుంది, నువ్వు కష్టపడి తెచ్చిన మడతలన్నీ చదునైపోతాయి, మళ్ళీ లేవవు. లేబుల్ ఒకటి దాచి ఉంచుకో, సెట్ చూసి ఇంట్లో ఇంకెవరైనా మాకూ కావాలి అన్నప్పుడు ఊలు పేరు వెతుక్కోనక్కర్లేదు.